ఆకలి పరీక్షాధికారులు

మా రాజు మల్లభూపతిగారికి దయ ఎక్కువ. భోజనం చేశాక ఇంకా ఎక్కువ. ఆ కరువు వేసవిలో ఒకరోజు పనసపొట్టు కూర మూడోసారి వడ్డించుకుంటూ, "పాపం, జనం ఏం తింటున్నారో!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కోట ముందు అందరికీ ఉచితంగా రాగి అంబలి పోయమన్నారు. వండే పని సాయమ్మకు అప్పజెప్పారు.

ఖజానా మంత్రి దండపాణికి ముద్ద దిగలేదు.

"ప్రభూ, ఆకలి లేనివాళ్లు కూడా తాగేస్తే?"

వెంటనే ఆకలి పరీక్షాధికారులను పెట్టాడు. అందరూ ఆయన బావమరుదులే. తనకు అంతమంది అన్నదమ్ములున్నారని ఆయన భార్యకే తెలియదు.

ఒకడు వచ్చినవాళ్ల పొట్ట నొక్కుతాడు. సరిగ్గా నొక్కాడా లేదా అని ఇంకొకడు చూస్తాడు. అంబలి బాగుందో లేదో తేల్చాలి కాబట్టి ముందు వాళ్లే రుచి చూస్తారు. చెంబులతో.

జనం వంతు వచ్చేసరికి కుండలు ఖాళీ.

"చూశారా ప్రభూ! ఊరికే పోస్తుంటే జనానికి ఆశ పెరిగిపోయింది. ఆపేద్దాం" అన్నాడు దండపాణి.

"రేపు సభలో ఆ తిండిపోతులెవరో తేలాలి. జనమే అయితే పొయ్యి ఆర్పేస్తాను" అన్నారు రాజుగారు.

సాయమ్మ కోనప్ప దగ్గరికి పరిగెత్తింది. కోనప్ప రాజుగారికి తాంబూలం అందిస్తాడు. అందులో సగం తనే నములుతాడు, అది వేరే సంగతి.

"అన్నా, పొయ్యి ఆరితే ఆ వరసలో పసిపిల్లలు బతకరు!"

"ఏడవకే చెల్లీ. రేపటి అంబలిలో గంపెడు నేరేడుపళ్లు పిసికి కలుపు. రాగి రంగులో ఎవరికీ కనపడదు."

మర్నాడు కుండలు ఎప్పటిలాగే ఖాళీ అయ్యాక, సభలో ఒకవైపు జనం నీరసంగా నిలబడ్డారు. ఇంకోవైపు అధికారులు తేన్పులతో నిలబడ్డారు.

"అందరినీ నాలుక చాపమనండి ప్రభూ" అన్నాడు కోనప్ప.

జనం నాలుకలు పాలిపోయి ఉన్నాయి. అధికారులు చాపితే వంకాయల బుట్ట బోర్లించినట్టయింది.

దండపాణి మాత్రం పెదాలు బిగించుకున్నాడు.

"ఏమంటావు మంత్రీ?" అన్నారు రాజుగారు. మంత్రి నోరు మూసుకునే చేతులు తిప్పాడు.

"పాపం, మాట పడిపోయినట్టుంది ప్రభూ. ఖజానా ఇంకెవరికైనా అప్పగించండి" అన్నాడు కోనప్ప.

"అయ్యో, వద్దు ప్రభూ!" అంటూ మంత్రి నోరు తెరిచాడు.

నాలుక అందరికంటే నల్లగా ఉంది.

సభ గొల్లున నవ్వింది. కోనప్ప చేతులు కట్టుకుని అన్నాడు:

"ఆకలి లేనివాడు తాగితే పోయేది ఒక చెంబు ప్రభూ. వాణ్ణి పట్టుకోవడానికి కుండలన్నీ పోయాయి."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, తన శాలువా తీసి కోనప్పకు కప్పారు. రాగులు విసరడానికి బావమరుదులను తిరగలి దగ్గరికి పంపారు. మంత్రిగారిని కూడా.