సంగటి మీద తెల్లపొడి

కారుకు పాలిష్ పెట్టేటప్పుడు పొడి లేవకుండా చేయడం ఎట్లా అన్నది నా ఉస్తాదు హుసేనప్పను పీడించిన సమస్య. నా సమస్య వేరు. నాకు పొడి లేస్తేనే పని చేసినట్టుండేది.

నంద్యాల బైపాసు పక్కన రేకుల షెడ్డు మాది. మాది అంటే ఉస్తాదుది. అప్పటికి రెండేళ్లుగా అందులో మిషన్ తిప్పుతున్నాను. సగం పని ఆయన దగ్గర నేర్చుకున్నాను, మిగతా సగం ఫోన్లో వీడియోలు చూసి. ఆ రెండో సగమే గొప్పదని నా గట్టి నమ్మకం.

పని చిన్నదే. కారు మీద కాంపౌండు అనే పాలిష్ పేస్టు పూసి, గిర్రున తిరిగే స్పాంజితో రుద్దితే గీతలు పోతాయి. ఎక్కువ పూసి, వేగంగా తిప్పి, ఆరిపోయేదాకా రుద్దితే ఆ కాంపౌండే తెల్లటి పొడై లేస్తుంది. నేను చేతినిండా పూసేవాణ్ణి. మిషన్ని ఆఖరి నంబరులో పెట్టేవాణ్ణి. షెడ్డంతా మంచు కురిసినట్టుండేది. కారు తెచ్చినవాళ్లు దూరంగా నిలబడి, పని గట్టిగా సాగుతోందని తలూపేవాళ్లు. ఒకరోజు సాయంత్రం బస్సులో ఒకాయన నా తల చూసి, పెద్దవాణ్ణనుకుని లేచి సీటిచ్చాడు. నాకు ముప్పై రెండేళ్లు. అయినా కూర్చున్నాను.

షెడ్డులోనే ఒక మూల ఉస్తాదు భార్య మాబున్నక్క సీటు కవర్లు కుట్టేది. ఆ ఏడు ఆమెకు దగ్గు పట్టుకుంది. ఆసుపత్రిలో ఫొటో తీసి, ఊపిరితిత్తులు సగం చెడిపోయాయన్నారు. మిగిలిన సగమైనా నిలవాలంటే దుమ్ములో ఉండకూడదన్నారు. ఇంట్లో కుట్టుకుందామంటే వాళ్లుండేది ఒక్క గది. కారు సీటు దాని గడప దాటదు.

"మద్దిలేటీ, పొడి తగ్గించల్ల" అన్నాడు ఉస్తాదు. "పెసరగింజలంత నాలుగు చుక్కలు పెట్టు, సాలు. మెల్లగా తిప్పు. తడి ఆరకముందే తుడిచెయ్. ఒక్కో డోరు అయినాక స్పాంజిని బయటికి తీస్కపోయి బ్రష్షుతో దులుపు."

"అట్ల చేస్తే పొద్దు గూకేసరికి ఒక్క కారు గూడా కాదు ఉస్తాద్. అక్కను ముక్కుకు గుడ్డ కట్టుకోమను."

"కట్టుకునే ఉండాది."

తిరిగి చూశాను. కట్టుకునే ఉంది. తెల్లగుడ్డ. అది నల్లగుడ్డని తర్వాతెప్పుడో తెలిసింది.

ఉస్తాదు చేతులు తుడుచుకున్నాడు.

"మా నాయన దూది ఏకేటోడు" అన్నాడు. "సచ్చినాక ముక్కులో దూది పెడతారు గదా. మా నాయనకు పెట్టే పని లేకపోయె."

"అది దూది కదా ఉస్తాద్. ఇది కంపెనీ సరుకు" అన్నాను నేను. అంత తెలివైన మాట సమయానికి తట్టినందుకు ఆ పూటంతా నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఉస్తాదు తిట్టలేదు. ఆయన తిట్టే మనిషి కాదు. నా ధైర్యమంతా అదే.

మర్నాడు ఒక నల్ల కారు వచ్చింది. మధ్యాహ్నం మిషన్ ఆపి, ముగ్గురం రోడ్డు వైపు అరుగు మీద కూర్చుని తినడం మా అలవాటు. ఆకలేసి ఆపబోయాను.

"ఆపొద్దు. ఆ డోరు కానీ" అన్నాడు ఉస్తాదు.

కంచం తెచ్చుకుని, కారుకు మూరెడు దూరంలో స్టూలేసుకున్నాడు. కంచంలో రాగిసంగటి, పక్కన నంజుకోవడానికి చెనిక్కాయల ఊరుబిండి. సంగటిని మూడు ముద్దలు చేశాడు. తినలేదు. కంచం ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

నా పనితనం చూస్తున్నాడనుకున్నాను. ఇంకాస్త పూశాను. డోరంతా ఆరి పొడి పొడి అయ్యేదాకా రుద్దాను. మధ్యలో ఒకసారి, మెచ్చుకుంటాడేమోనని, ఓరగా చూశాను కూడా.

మిషన్ ఆపేసరికి నల్లటి సంగటి వరిబువ్వలా ఉంది.

ఉస్తాదు ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. పళ్ల కింద కరకరలాడింది.

"ఓయబ్బా! ఏంది ఉస్తాద్ నువ్వు? ఉమ్మేయ్! కడుపులోకి పోతే ఏమన్నా ఉండాదా?"

ఆయన నింపాదిగా నమిలి మింగాడు.

"రెండేండ్ల నుంచీ తింటనే ఉండాం గదరా. ఈ పొద్దు కంచంలో ఏసుకుంటిమి, అంతే."

రెండో ముద్ద నా ముందు పెట్టాడు. మూడోది తీసుకెళ్లి మాబున్నక్క చేతిలో పెట్టాడు. ఆమె ముక్కు మీది గుడ్డ కిందికి లాగి, ఏమీ అడక్కుండా, ముద్దను నోటి దగ్గరికి తీసుకుంది. పరుగెత్తి లాక్కున్నాను.

"ఏందిరా అబ్బీ, అన్నం కాడ?" అంది ఆమె, నవ్వబోయి. నవ్వు దగ్గయింది. చాలాసేపు ఆగలేదు.

కొళాయి దగ్గరికి పోయి స్పాంజి కడిగాను. ఎంతసేపు పిండినా తెల్లనీళ్లే వచ్చాయి. ఆరిన స్పాంజి ఇంకొకటి తీసి, నాలుగు చుక్కలు పెట్టి, మిషన్ని రెండో నంబరులో పెట్టాను. జానెడు జానెడుగా రుద్దుతూ, తడి ఉండగానే తుడుస్తూ పోయాను. రెండో డోరుకు మొదటిదానికంటే రెండింతలు సేపు పట్టింది. పొడి లేవలేదు. మెరుగు కూడా మొదటి డోరుకంటే బాగుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పదలచుకోలేదు.

"చూడు ఉస్తాద్. ఇప్పుడు కంచం పెట్టినా ఏం పడదు" అన్నాను. సిగ్గులేని నోరు, అప్పుడూ దానికి మెప్పే కావాలి.

ఉస్తాదు డోరు వైపు చూడలేదు.

"తగ్గింది" అన్నాడు. "ఇప్పుడు విను."

మెల్లగా తిరిగే మిషన్‌కు పెద్ద మోత ఉండదు. ఆ మూల మాబున్నక్క సీటు కవరు కుడుతోంది. కుట్టుకూ కుట్టుకూ మధ్య, ఆమె గాలి లోపలికి లాక్కునే చప్పుడు. తడి ఇసుకలో రేకు ఈడ్చినట్టు. పదడుగుల దూరంలో రెండేళ్లు పని చేసి, నేను ఒక్కసారీ వినని చప్పుడు.

మిషన్ ఆపేశాను. ఆ చప్పుడు ఆగలేదు.