అలివి వల దగ్గర సభ

డిప్యూటీ కలెక్టరు శరభయ్య ఆ పొద్దున దర్గాకు వచ్చేసరికి జీపు ముందుభాగమంతా చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి. ముందురోజు సాయంత్రం సముద్రపు ఒడ్డు జాలరి పాలెంలో ఒక ముసలామె గంపెడు కుళ్ళు చేపలు తెచ్చి దానిమీద బోర్లించింది. పోతూ పోతూ "దొంగ" అని కూడా అంది. చేపలు కడిగితే పోతాయి, ఆ మాట ఎట్లా పోతుంది? శరభయ్యకు ఒళ్ళు మండిపోతోంది.

కమాలుద్దీన్ బాబా అరుగు మీద కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు. శరభయ్య ఆయనకు శిష్యుడై పద్దెనిమిదేళ్ళయింది. గుమాస్తాగా ఉన్న రోజుల నుంచీ ఏ కష్టమొచ్చినా ఈ అరుగు దగ్గరికే వచ్చేవాడు.

"మీరే చెప్పండి బాబా, నేను లంచం తిన్నానా? దొంగ సంతకం పెట్టానా? నన్ను పట్టుకుని దొంగంటారా!"

సంగతేమిటంటే, ఆ పాలెం ముందున్న ఇసుక ఒడ్డుకు కంచె వేసి సరుకుల రేవు కట్టాలని సర్కారు తలపెట్టింది. కట్టేముందు అక్కడి జనాన్ని అడగాలని చట్టం. అడిగే పని శరభయ్యకు అప్పజెప్పారు.

"నెల ముందే రెండు పేపర్లలో ప్రకటన వేయించాను. పంచాయతీ ఆఫీసు తలుపుకు అంటించాను. షామియానా, కుర్చీలు, మైకు, మజ్జిగ ప్యాకెట్లు, దేనికీ లోటు చెయ్యలేదు. ఎండెక్కితే ఇబ్బంది పడతారని నిన్న పొద్దున ఎనిమిదికే సభ మొదలుపెట్టి పదిదాకా కూర్చున్నాను. పట్నం నుంచి బస్సులో నలభైమంది కాంట్రాక్టర్లూ వాళ్ళ మనుషులూ వచ్చారు, రేవు కావాలన్నారు. పాలెం వాళ్ళు ఒక్కరంటే ఒక్కరు రాలేదు!"

"ఏమీ అనలేదా వాళ్ళు?"

"దూరం నుంచి, ఇసుకలో నిలబడి ఏదో అరిచారు. అరుపులు రికార్డులోకి రావు గదా బాబా. అభ్యంతరం ఉన్నవాళ్ళు బల్ల దగ్గరికి వచ్చి రాసి సంతకం పెట్టాలి. మైకులో మూడుసార్లు పిలిపించాను కూడా. రాలేదు. 'స్థానికులకు అభ్యంతరం లేదు' అని నివేదిక రాశాను. ఇందులో అబద్ధమేమన్నా ఉందా? రేపు పైకి పంపాలి."

చట్టంలో ఉన్నవన్నీ చేశాడు మహానుభావుడు. మజ్జిగ కూడా పోయించాడు, పట్నం వాళ్ళకి. పొద్దున ఎనిమిదింటికి ఆ పాలెంలో మనిషన్నవాడు ఎక్కడుంటాడో కనుక్కోవడం ఒక్కటే మరిచిపోయాడు. దానికి పేపరు ప్రకటన అక్కర్లేదు, కాలితో పది అడుగులు నడిస్తే సరిపోయేది. చదువుకున్నవాళ్ళకు ఆ పది అడుగులే బరువు!

బాబా సూదిని డబ్బాలో పెట్టి లేచాడు. "ఆ కాగితాలు ఇటివ్వు. పద," అన్నాడు.

ఇద్దరూ ఒడ్డుకు చేరేసరికి ఎనిమిదవుతోంది. అలివి వల లాగుతున్నారు. అదేమీ ఒకరిద్దరి పని కాదు. తెల్లవారుతూనే పడవ మీద వలను తీసుకుపోయి సముద్రంలో చుట్టు తిప్పి వదులుతారు. దాని తాళ్ళు రెండూ ఒడ్డుకు వస్తాయి. ఊరు ఊరంతా, ఆడా మగా, రెండు వరసలుగా నిలబడి మూడు గంటలు లాగాలి. మధ్యలో చేతులు వదిలారా, చేపంతా జారిపోతుంది. ఆ పూటకు పొయ్యి వెలగదు.

వరస చివర మస్తానమ్మ ఉంది. నిన్న గంప బోర్లించిన మనిషే.

"మస్తానమ్మా, ఇదుగో నీకొక మనిషి," అన్నాడు బాబా.

ఆమె శరభయ్యను ఎగాదిగా చూసింది. "ఈయనా? ఈ చేతులతోనా?"

"బూట్లు విప్పి తాడు పట్టు," అన్నాడు బాబా శిష్యుడితో. "వల ఒడ్డెక్కేదాకా వదలొద్దు. ఇది నా మాట."

గురువు మాట ఏనాడూ కాదన్నవాడు కాదు. పట్టాడు. పావుగంటకే అరచేతులు ఎర్రబడ్డాయి, ప్యాంటు మోకాళ్ళదాకా తడిసింది.

బాబా ఇరవై గజాల దూరం పోయి బోర్లించిన పడవ మీద కూర్చున్నాడు. నివేదిక ఒళ్ళో పెట్టుకుని అందులోంచి చదువుతున్నట్టే గొంతెత్తాడు.

"అందరికీ తెలియజేయడమేమనగా! శరభయ్య అనే శిష్యుణ్ణి ఈరోజు నుంచి దర్గా గడప తొక్కనివ్వకూడదని నిర్ణయించాం. అభ్యంతరం ఉంటే ఇక్కడికి వచ్చి రాసి సంతకం పెట్టాలి. ఇది మొదటి పిలుపు!"

శరభయ్య ముందు నవ్వాడు. తర్వాత బాబా ముఖం చూశాడు. ఆ ముఖంలో నవ్వు లేదు. పద్దెనిమిదేళ్ళలో అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు.

"బాబా! నాకు అభ్యంతరం ఉంది!"

"అరుపులు రికార్డులోకి రావు. రెండో పిలుపు!"

ఆ గడప లేకపోతే తనకు ఇంకెక్కడుంది చోటు? శరభయ్య ఒక చెయ్యి వదిలి బాబా వైపు తిరిగాడు. అంతే, తాడు సర్రున జారింది. ముందున్న ఆడమనిషి ఇసుకలో బోర్లా పడింది. వరసంతా తూలింది.

"వదలమాకయ్యా!" మస్తానమ్మ గయ్యిమంది. "నువ్వు పోయి సంతకాలు పెట్టుకుంటే మా పిల్లకాయలకు మీ ఇంట్లోంచి తెచ్చి పెడతావా కూడు?"

రెండు చేతులతో మళ్ళీ తాడు పట్టుకుని, ఉక్రోషం ఆపుకోలేక అరిచాడు శరభయ్య. "ఇదేం న్యాయం బాబా! చేతులు ఖాళీ లేనప్పుడు పిలిచి, రాలేదంటే ఎట్లా? తాడు వదిలి ఎట్లా రమ్మంటారు?"

అరిచాక ఆ మాట ఆయనకే వినబడింది.

వరసలో ఎవరూ నవ్వలేదు. అరవైమంది, నిన్న ఇదే వేళకు ఇదే తాడు పట్టుకుని నిలబడ్డవాళ్ళు, ఆయన వంక చూశారు. షామియానా గుంజలు పాతిన గుంతలు అక్కడికి కనబడుతూనే ఉన్నాయి.

"మూడో పిలుపు!" అన్నాడు బాబా. కలం తీసి నివేదిక అడుగున ఏదో రాశాడు. నడుచుకుంటూ వచ్చి ఆ కాగితం శిష్యుడి ముఖం ముందు పట్టాడు.

'స్థానికులకు అభ్యంతరం లేదు' అన్న తన వాక్యం కింద బాబా చేతిరాత ఉంది. 'శరభయ్యకు అభ్యంతరం లేదు.'

"అబద్ధమేమన్నా ఉంటే చెప్పు," అన్నాడు బాబా.

శరభయ్య కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"చింపెయ్యండి బాబా దాన్ని."

"నువ్వు రాసింది నేనెట్లా చింపుతాను? చేతులు ఖాళీ అయ్యాక నువ్వే చింపుకో."

"పైవాళ్ళు అడిగితే నేను చెప్పుకుంటాను. సభ మళ్ళీ పెడతాను. వల ఒడ్డెక్కాక, ఇక్కడే, ఇసుకలోనే కూర్చుంటాను."

"నాకెందుకు చెబుతావు?" అన్నాడు బాబా. "వాళ్ళకు చెప్పు."

శరభయ్య వరస వైపు తిరిగాడు. గొంతు సవరించుకుని నోరు తెరిచాడు.

"మాటలు తర్వాత చెబుదువుగాని సారూ," అంది మస్తానమ్మ. "ముందు లాగు."