మాటు దాకా తోడు

లేదు లేదు, ఇద్దరూ వెళ్ళేవోళ్ళు. తిరిగొచ్చేది మాత్రం ఒక్కడే. అదీ కిటుకు. పిట్టకి కన్నుంది గానీ లెక్క లేదు. ఇద్దరు మనుషులు నీళ్ళలో నడుచుకుంటా ఆ తాటాకు గుడిసెలోకి పోయారనుకో, చెట్ల మీద గూడబాతులన్నీ మెడలెత్తి చూస్తాయి. కాసేపటికి ఒకడు బయటికొచ్చి గట్టు మీదకి వెళ్ళిపోతాడు. మనిషి పోయాడులే అనుకుని మెడలు దించేస్తాయి. లోపల ఇంకోడు కెమేరా పెట్టుకుని కూచున్నాడని వాటికి తెలవదు.

ఆ గుడిసెని మాటు అనేవోళ్ళు. కూడా వెళ్ళి వెనక్కొచ్చేవాణ్ణి తోడు అనేవోళ్ళు.

"ఇవాళ తోడెవరు?" పొద్దున్నే కొల్లేటి గట్టు మీద ముందు వినపడే మాట అదే.

తోడు పోయినవాడి పని అక్కడితో అవదు. పదింటికి మళ్ళీ మోకాలి లోతు బురదలో మాటు దాకా పోవాలి. లోపలున్నోడు వాడితో కలిసే బయటికి రావాలి. ఒక్కడే వచ్చాడా, ఆ గుడిసె ఉన్నట్టుండి మనిషిని కన్నట్టే ఉంటది పిట్టలకి. బెదిరిపోయి ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు కాళ్ళు తగిలి గుడ్లు నీళ్ళలో పడతాయి. పడనివాటికి కాకులుండనే ఉన్నాయి. అట్టా బెదిరిన చెట్టు మీదకి ఆ ఏడు ఇంక రావు.

ఈ పద్ధతంతా పెట్టింది ఏసుపాదం మేష్టారు. బళ్ళో డ్రిల్లు మేష్టారుగా చేసి దిగిపోయాక, ఇంట్లో ఊరికే కూచోలేక, పన్నెండు మందిని పోగేసి పిట్టల ఫోటోల సంఘం పెట్టారు. మాటుకి తాటాకు కప్పుకునేది వాళ్ళే. కొమ్మలకి చిక్కిన నైలాను వల ముక్కలు తీసేది వాళ్ళే. గూళ్ళు లెక్కెట్టేదీ వాళ్ళే. అన్నిటికీ ఎవరో ఒకరు దొరికేవోరు గానీ తోడుకే దొరికేవోరు కాదు. ఆ పొద్దు వాడికి ఫోటో ఉండదు కదా. బురద, చలి, రెండు సార్లు పోవడం, రెండు సార్లు రావడం. అంతే.

గట్టు మీద రేకుల షెడ్డులో బడి వాళ్ళు పారేసిన నల్లబల్ల ఒకటుండేది. దాని మీద మేష్టారు సుద్దతో రెండు వరసలు గీసేవోరు. ఎడమ పక్క మాటులోకి పోయేవాళ్ళ పేర్లు. కుడి పక్క తోడు పోయేవాళ్ళ పేర్లు. వారానికి ఏడు గళ్ళు.

ఆ సంఘంలో కోదండమని ఒకడు. ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కెమేరా ఎట్టా పట్టుకోవాలో కూడా మేష్టారే నేర్పారు వాడికి. "ఊపిరి వదిలేటప్పుడు నొక్కరా, పీల్చేటప్పుడు కాదు" అని వీపు మీద చెయ్యేసి నేర్పారు. సొంత కొడుకుని కూడా అట్టా కూచోబెట్టుకోరు ఎవరూ.

ఆ ఏడు వానలు తగ్గినాక కోదండం ఫోటోకి బెజవాడలో పెద్ద బహుమానం వచ్చింది. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తలకాయంతా దూర్చి మేత తింటన్న ఫోటో. పేపర్లో కోదండం బొమ్మ కూడా ఏశారు. ఆ పొద్దు వాడికి తోడు పోయింది సెల్‌ఫోన్లు బాగుచేసే మస్తాన్. పేపర్లో మస్తాన్ పేరు లేదు. ఉండదు కూడా.

అప్పట్నుంచీ కోదండానికి కాళ్ళు బరువైపోయినయ్. తోడు వంతు వచ్చిన రోజున ఫ్యాక్టరీలో పనుందనేవోడు. మాటు వంతుకి మాత్రం ఏ పనీ ఉండేది కాదు.

ఒక ఆదివారం షెడ్డులో మేష్టారు బల్ల మీద గళ్ళు గీస్తంటే వచ్చి నిలబడ్డాడు.

"మేష్టారూ, ఒక మాటండి."

"చెప్పరా."

"తోడు వంతులు అందరికీ సమానంగా ఎయ్యడం సబబు కాదండి. ఫోటో తియ్యడం వచ్చినోణ్ణి బురద తొక్కమంటే ఎట్టాగండీ? రానోళ్ళున్నారు కదా, వాళ్ళు పోతారు. సంఘానికే కదా పేరొచ్చేది."

మస్తాన్ అక్కడే మూల కూచుని టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఏం కోదండం అన్నా, బెజవాడ కళాకారులకి బురద పడదా? ఒంటికి దద్దుర్లేమైనా వస్తన్నాయా?"

"నువ్వు తీసిన ఫోటోల్లో పిట్ట ఎక్కడుందో పిట్టకే తెలవదు. నువ్వు మాట్లాడకు."

"పిట్టకి తెలవకపోతే మంచిదే కదన్నా. సంఘం రూలే అది."

మేష్టారు నవ్వలేదు. కోప్పడనూ లేదు. కుడి పక్క వరసలో కోదండం పేరు మీద అరచెయ్యి పెట్టి తుడిచేశారు. ఆ గడిలో ఇంకెవరి పేరూ రాయలేదు.

"ఖాళీగా ఉందేంటండీ?"

"ఉండనీరా" అని సుద్ద ముక్క జేబులో ఏసుకున్నారు.

కోదండం ఇంటికి ఈల ఏసుకుంటా పోయాడు.

ఆ ఖాళీ గడి రోజున తోడు పోయింది మేష్టారే. డెబ్బై రెండేళ్ళ మనిషి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చేతులు ఊపుకుంటా పోయారు, వచ్చారు.

కోదండానికి తీసేసినప్పుడు నాకెందుకు తియ్యరని పోస్టాఫీసులో చేసే సునంద అడిగింది.

"మేష్టారండీ, నాకు నడుం నొప్పి. తోడు నావల్ల కాదండి."

"సరేనమ్మా." అరచేత్తో తుడిచేశారు.

ఆ తర్వాత ఒకరికి పెళ్ళిళ్ళ సీజను, ఒకరికి పరీక్షల డ్యూటీ. చివరికి మస్తాన్ కూడా వచ్చాడు. "అందరూ మానేశాక నేనొక్కణ్ణే ఎర్రోణ్ణా మేష్టారూ" అన్నాడు. అదీ తుడిచేశారు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. క్రిస్మస్ నాటికి బల్ల మీద ఎడమ పక్క నిండుగా పేర్లు. కుడి పక్క ఏడు గళ్ళూ నల్లగా ఉన్నాయి.

ఏడు రోజులూ మేష్టారే పోయేవోరు. ఎవరూ దాని గురించి మాట్లాడేవోరు కాదు. మాట్లాడితే ఎవడో ఒకడు పోవాలి కదా. డ్రిల్లు మేష్టారు కదా, ఆయనకి అలవాటేలే అని కోదండం తనకి తనే చెప్పుకునేవోడు.

జనవరిలో, మంచు బాగా పట్టిన రోజుల్లో, ఒక మంగళవారం కోదండానికి మాటు వంతు వచ్చింది. మాటు ముందు చెట్టు మీద గుడ్లు చిట్లుతున్నాయని తెలుసు వాడికి. పిల్ల బయటికొచ్చే ఫోటో ఆ జిల్లాలో ఎవరి దగ్గరా లేదు. ఆత్రంగా ఉన్నాడు. దారంతా మేష్టారితో లెన్సు గురించే మాట్లాడాడు. మేష్టారు ఊ అన్నారు, ఊ అన్నారు, ఆ తర్వాత ఊ అనడం కూడా మానేశారు. అది కూడా చూసుకోలేదు వీడు.

మాటులో వీణ్ణి దించి, గుమ్మానికున్న గోనెపట్టా సర్ది, మేష్టారు వెనక్కి బయల్దేరారు.

మాటు నుంచి గట్టుకి దారి తెలవడానికి నీళ్ళలో ఏడు వెదురు గెడలు పాతి ఉంటాయి. కోదండం కెమేరా సరిచూసుకోవడానికని ఊరికే దాన్ని మేష్టారి మీదకి తిప్పాడు. పెద్ద లెన్సు గొట్టం కదా, అంత దూరంలో ఉన్న మనిషి చొక్కా కుట్లు కూడా కనపడతాయి.

మూడో గెడ దగ్గర మేష్టారు ఆగిపోయారు.

గెడని పట్టుకున్నారు. రెండో చెయ్యి గుండెల మీద ఉంది. వీపు ఎగిరెగిరి పడతంది. చొక్కా అంత చలిలో చెమటకి తడిసి ఎముకలకి అంటుకుపోయింది. మనిషి ఎంత చిక్కిపోయాడో కోదండం అప్పుడు చూశాడు. రోజూ పక్కనే నడిచినోడు, గొట్టంలోంచి చూశాడు.

మనిషి ఆగేసరికి పిట్టలు మెడలు దించలేదు. అన్నీ ఆయన్నే చూస్తన్నాయి.

"మేష్టారూ" అని అరవబోయి నోరు నొక్కుకున్నాడు. గోనెపట్టా ఎత్తాడు. ఒక కాలు బయటికి పెట్టాడు. అంతే, ముందు చెట్టు మీద గూడబాతులన్నీ ఒక్కసారే ఇటు తిరిగి మెడలెత్తాయి. రెండు పిట్టలు రెక్కలు కూడా విప్పాయి. వాటి కింద గుడ్లున్నాయి. చిట్లిన గుడ్లున్నాయి. కాకులు పక్క తుమ్మచెట్టు మీద వరసగా కూచునున్నాయి.

ఆ మెడలు చూసే మేష్టారికి తెలిసిపోయింది. వెనక్కి తిరగలేదు. గెడ వదిలేసి చెయ్యి పైకెత్తారు. బళ్ళో పిల్లల్ని ఆపేటప్పుడు ఎత్తేవోరే, అట్టా, అరచెయ్యి చాపి.

కోదండం కాలు లోపలికి తీసుకున్నాడు.

మేష్టారు నడుం నిటారుగా పెట్టారు. చేతులు రెండూ బాగా పైకి ఊపుకుంటా, పిట్టలకి కనపడాలి కదా పోతున్నట్టు, గబగబా నాలుగో గెడ, ఐదో గెడ దాటుకుంటా గట్టు ఎక్కి మంచులో కనపడకుండా పోయారు.

పిట్టలు మెడలు దించినయ్.

ఆరున్నర నుంచి పదింటి దాకా కోదండం ఆ గుడిసెలో కూచున్నాడు. కెమేరా గట్టు వైపే ఉంది. ఎదురుగా చెట్టు మీద పిల్ల గుడ్డు చీల్చుకుని వచ్చింది. ఒకటి కాదు, రెండు. తల్లి ముక్కు దించి చూసుకుంది. వాడు అటు తిరగలేదు. బయటికి పోతే గూళ్ళు పోతాయి. పోకపోతే గట్టు అవతల ఏమైందో తెలవదు. ఫోను తియ్యడానికి లేదు, మాటులోకి ఫోను తీసుకెళ్ళకూడదని రూలు. గోనెపట్టా అంచు పిసికి పిసికి పీచు చేసేశాడు.

సరిగ్గా పదింటికి గట్టు మీద మనిషి కనపడ్డాడు. మేష్టారే. ఒక్కో గెడా పట్టుకుంటా వచ్చారు.

గోనెపట్టా ఎత్తగానే కోదండం అడిగాడు. "మీరెందుకొచ్చారండీ? ఎవర్నన్నా పంపొచ్చు కదా. మస్తాన్‌ని పంపొచ్చు కదా."

"బల్ల మీద ఎవరి పేరూ లేదుగా" అన్నారు మేష్టారు.

ఇద్దరూ కలిసి వెనక్కి నడిచారు. కోదండం చెయ్యి పట్టుకోబోతే వద్దన్నారు. గట్టెక్కాక మాత్రం కూలబడిపోయారు. నీళ్ళు తాగించాడు కోదండం. కాళ్ళకున్న బురద తన తువ్వాలుతో తుడిచాడు.

"ఏం చూశావురా ఇవాళ?"

కోదండం బురద తువ్వాలు పిండి పక్కన పెట్టాడు.

"మీ వీపు చూశానండి."

"పిట్టలు రోజూ చూసేది అదేరా" అన్నారు మేష్టారు.

ఆ సాయంత్రం కోదండం షెడ్డుకి పోయి సుద్ద తీసుకుని కుడి పక్క ఏడు గళ్ళలోనూ తన పేరే రాశాడు. మేష్టారు కుర్చీలో కూచుని చూస్తన్నారు. ఊరి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాడు, గ్యాసన్నాడు, ఎందుకన్నా మంచిది ఏలూరులో గుండె డాక్టరుకి చూపించమన్నాడు.

"ఇదేంట్రా?"

"ఇంక రోజూ నేనే పోతానండి. ఎవరూ రావక్కర్లేదు."

మేష్టారు లేచి నిలబడ్డారు. నిలబడ్డానికే కష్టమైంది. శుక్రవారం గడి ఒకటి ఉంచి, మిగతా ఆరూ అరచేత్తో తుడిచేశారు.

"మొన్న బురద తొక్కనన్నావు. ఇవాళ బురదంతా నాదే అంటన్నావు. రెండిట్లోనూ నువ్వే ఉన్నావు కదరా."

కోదండం సుద్ద బల్ల అంచు మీద పెట్టేశాడు.

"నీ గడి నీకుంది. మిగతావి ఖాళీగా ఉంచు. చూస్తారు వాళ్ళు."

చూశారు. గట్టు మీద సంగతి అప్పటికే ఊరంతా పాకింది. మస్తాన్ వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గురువారం గడిలో పేరు రాసుకుని, సుద్ద కోదండం చేతిలో పెట్టి, "నీ పిట్టలు బావున్నాయా అన్నా?" అన్నాడు. సునంద వచ్చి రెండు గళ్ళ ముందు నిలబడి నిలబడి శనివారం రాసుకుంది. చీకటి పడేలోపు ఇంకో ముగ్గురు వచ్చారు. ఒక్క గడి మిగిలింది. బుధవారం. తెల్లారితే బుధవారమే.

మేష్టారు సుద్ద తీసుకుని ఆ గడిలో తన పేరు రాశారు. గుండ్రంగా, బళ్ళో రాసినట్టు.

"రేపు మీరొద్దండీ" అన్నాడు కోదండం. "రేపు ఏలూరు పోవాలి కదా. మాట ఇనండి, మేష్టారూ."

"రేపు మాటులోకి ఎవరు?"

"వంతు ప్రకారం మస్తానండి. వాడు మానుకుంటానన్నాడు."

"మానుకోవద్దను. పాపం వాడికి ఒక్క మంచి ఫోటో లేదు. పొద్దున నేను దించొస్తా. పదింటికి వాణ్ణి తీసుకొచ్చాక ఏలూరు పోదాం."

"మాటంటే మాటేనా?"

"మాటే."

కోదండం ఆయన్ని ఇంటి దాకా దిగబెట్టాడు. గుమ్మం దగ్గర మేష్టారు ఆగి, "నువ్వింక వెళ్ళరా" అన్నారు. వీడు వీధి మలుపు దాకా పోయి వెనక్కి చూశాడు. ఆయనింకా గుమ్మంలోనే ఉన్నారు, వీడి వీపే చూస్తా.

బుధవారం పొద్దున్న ఐదున్నరకి మస్తాన్ కెమేరా తగిలించుకుని గట్టు మీదకొచ్చాడు. కోదండం కూడా వచ్చాడు. బల్ల మీద పేరు అట్టాగే ఉంది.

ఏసుపాదం మేష్టారు రాలేదు. రాత్రి నిద్దట్లోనే పోయారు.