మేత చప్పుడు గుడి

జొన్నాదుల విమలకు యాభై ఒకటో ఏడు. ఏ బట్ట చేతికిచ్చినా ముందు తిరగేసి వెనకవైపు చూస్తుంది. ధర్మవరంలో పట్టుచీరలు నేయించే ఈ మనిషికి చైనాలోని సుజౌ నగరమంటే ప్రాణం. మొదటిసారి కాలవలూ వంతెనలూ చూసి వెళ్లింది. రెండోసారి వచ్చినప్పుడు, పట్టుగూళ్లు ఉడకబెట్టి చేత్తో దారం తీసే ఆడవాళ్ల సందు ఒకటి కనిపించింది. ఆ సందు చివరే ఈ గుడి.

లోపల విగ్రహం లేదు. ఒక పాత చెక్క తలుపు మాత్రం ఉంది. భక్తులు దానికే దండం పెడతారు.

పూర్వం ఇక్కడ చాలా ఇళ్లలో పట్టుపురుగులు పెంచేవారు. పురుగులు మేసే నెలలో పరాయివాళ్లు గడప దాటితే అవి చచ్చిపోతాయని నమ్మకం. రాజభటులు కూడా దాటేవారు కాదు. రాజుగారి పట్టు పాడుచేసినవాడికి తల ఉండదు. వేల పురుగులు ఆకు కొరుకుతుంటే తలుపు బయటికి వాన చప్పుడులా వినిపించేది. అది ఆగితే మేత ముగిసినట్టు. ఆ తర్వాత తలుపు ఎవరైనా తీయవచ్చు.

అలాంటి నెలలో రాణివాసపు మగ్గాల అధికారి మెయ్‌షియు అనే పదహారేళ్ల పిల్ల కోసం వచ్చాడు. సన్నదారం నేయడానికి లేత కళ్లు కావాలి. అవి పోయాక మనిషిని ఇంటికి పంపేవారు. పిల్ల పిన్ని హువా ఆమెను పురుగుల గదిలో దాచి, లోపల గడియ వేయించి, తాను గడప మీద కూర్చుంది.

రాణిగారి మగ్గం దొరకడం అదృష్టమని అధికారి నచ్చజెప్పాడు.

"మా అక్కకీ దొరికిందయ్యా ఆ అదృష్టం. కళ్లు మీ దగ్గర ఉంచుకుని మనిషిని పంపారు."

"లోపల ఎవరున్నారు?"

"ఆకలిగలవాళ్లు. తింటున్నారు, వినపడటం లేదా?"

అతను తలుపుకు చెవి ఆనించి విని, నవ్వి, అక్కడే పీట వేసుకున్నాడు. రోజులు గడిచాయి. లోపల మెయ్‌షియు దగ్గు బయటికి రాకుండా నోట్లో గుడ్డ కుక్కుకుంది. పురుగులు ఒక్కొక్కటిగా మేత మాని గూడు కట్టసాగాయి. చప్పుడు పల్చబడింది. పిల్ల మిగిలిన ఎండుటాకుల్ని అరచేతుల్లో నలపసాగింది. రెండు చేతుల వాన ఎంతసేపు కురుస్తుంది? ఒక సాయంత్రం అధికారి లేచి తలుపు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు పక్కింట్లో ఆకులు నలిపే వాన మొదలైంది. తర్వాత ఎదురింట్లో. పురుగులే పెంచని ఇళ్లలో కూడా. సందంతా అదే చప్పుడు. ఈ తలుపు వెనక మేత ఆగిందో లేదో ఇక అతనికి తెలిసే దారి లేదు. తప్పుగా తీస్తే పోయేది తన తల. తలుపు మీది చెయ్యి తీసేశాడు. అతను వెళ్లిపోయి, మళ్లీ మందితో వచ్చేసరికి పిల్ల పడవెక్కి ఊరు దాటింది.

పట్టుపురుగుల దేవత పట్టుతల్లి ఆడవాళ్లందరికీ కలలో కనిపించి అలా చేయమందని పూజారులు చెబుతారు. వంట మధ్యలో ఎవరికీ కల రాదు. గోడలు పల్చన, పక్కింటి మాటలన్నీ వినిపిస్తాయి, అంతే.

నేటికీ మేత నెలలో ఆడవాళ్లు ఇక్కడ ఎండు మల్బరీ ఆకులు నలుపుతారు. మగవాళ్లు బయట నిలబడి వినాలి. సంతానం, సౌభాగ్యం ఈ గుడి ఇవ్వదు. భయంతో పారిపోయి వచ్చిన ఆడమనిషి వెంట ఎవరూ లోపలికి రారు. ఇక్కడి వరం అదొక్కటే.

విమల కూడా ఆకులు నలిపింది. ధర్మవరం చేరిన ఏడాదికి, దెబ్బలు తిని వచ్చిన కోడలిని లోపల పెట్టి, కన్నకొడుకు ఎంత బాదినా తలుపు తీయలేదు.