ఐదో మెట్టు

హైమవతి గారు ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి కారు. అడిగినవారి చేత ఏదో ఒక పని చేయించి ఊరుకుంటారు. కాకినాడలో మాకు పాఠాలు చెప్పినన్నాళ్ళూ అంతే, రిటైరయ్యాకా అంతే.

ఎవరైనా ఉచితంగా వాడుకుని, విప్పి చూసి, బాగుచేసుకోగలిగే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలుగులో భద్రతా కరదీపిక రాయాలని ఆవిడ పూనుకుంటే పదకొండు మందిమి చేరాం. బయటివాళ్ళు కంప్యూటర్‌లో చొరబడకుండా కాపలా పెట్టడం గురించిన అధ్యాయం ఫణీంద్ర రాశాడు. మాలో వాడంతటి పనిమంతుడు లేడు. ఆ సంగతి అందరికంటే ముందు వాడికే తెలుసు.

మేడం పెట్టిన నియమం ఒక్కటే. ఏ అధ్యాయాన్నైనా ఆ విషయం తెలియనివారొకరు చదువుతూ, రాసింది రాసినట్టు చేసి చూడాలి. ఫణీంద్ర అధ్యాయం పార్వతీపురంలో ఒక స్కూలు లైబ్రరీ చూసుకునే షమీమ్ వంతుకు వచ్చింది. ఆమె అందులో వరుసగా చేయాల్సిన పనుల్లో నాలుగో మెట్టునూ ఐదో మెట్టునూ తారుమారు చేసి, కింద కారణం రాసి పంపింది. వాడు చదవకుండానే కొట్టేశాడు. ఆమె మళ్ళీ పంపింది. మళ్ళీ కొట్టేసి, అధ్యాయం వెనక్కి తీసుకుంటానంటూ నేరుగా మేడం ఇంటికే వచ్చాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

“నాకంటే తక్కువ తెలిసినవాళ్ళు నా రాతను దిద్దడమేంటి మేడం?”

ఆవిడ వాదించలేదు. ల్యాప్‌టాప్ వాడి ముందుకు జరిపారు.

“మనం రాసింది చేసి చూసుకునే మెషీన్ షమీమ్ లైబ్రరీలో ఉంది. ఇక్కణ్ణుంచే నెట్ ద్వారా అందులోకి వెళ్ళు. నీ అధ్యాయం నేను చదువుతాను. రాసింది చెయ్యి, తెలిసింది చెయ్యకు.”

వాడు నవ్వుతూ కూర్చున్నాడు. మూడు మెట్లు చకచకా అయిపోయాయి. “బయటి నుంచి వచ్చే దారులన్నీ మూసెయ్యండి” అని నాలుగోది చదివారు. మూశాడు. “మీరు వచ్చే దారి ఒక్కటి తెరవండి” అని ఐదోది చదివారు. ఎంత కొట్టినా తెర మీద అక్షరం పడలేదు. పదేళ్ళుగా వాడి వేళ్ళు ముందు తన దారి తెరిచి, తర్వాతే మిగతావి మూస్తున్నాయి. వేళ్ళకున్న ఆ తెలివి రాతలోకి రాలేదు. మెషీన్ వాణ్ణి కూడా బయటివాళ్ళలో కలిపేసింది.

మేడం ఫోన్ అందించారు. షమీమ్‌కు చెయ్యక వాడికి తప్పలేదు.

“ఐదో మెట్టేనా సార్?” అందామె. “ఇంటి నుంచి చేస్తుంటే నాకూ అక్కడే ఆగిపోయింది. లైబ్రరీకి నడిచెళ్ళి తెరుచుకున్నాను. దూరంగా ఏ ఆసుపత్రి మెషీనో అయితే ఎలాగని రాశాను సార్. ఉండండి, ఇప్పుడే తెరుస్తా.”

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఆమె మీద నాకు అప్పుడు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ఫణీంద్ర మెట్లు మార్చాడు. అధ్యాయం మీద తన పేరు పక్కన ఆమె పేరూ రాశాడు. తర్వాత మేడం వైపు తిరిగాడు.

“మీకు ముందే తెలుసు కదా మేడం. ఒక్క మాట చెప్తే సరిపోయేది.”

ఆవిడ ల్యాప్‌టాప్ మూశారు.

“రెండుసార్లు చెప్పింది కదా ఫణీ, ఆ అమ్మాయి.”