ఎర్రది మీ ఊరు

దాలినాయుడికి ఒకటే బాధ. గోడ మీది నాలుగు పటాలు అంత అందంగా కుదిరినా, స్వామి వాటిని చూసి ఒక్క మంచి మాట అనలేదు.

నాగావళికి ఎగువన, కొండ మలుపులో ఉండేది ఆ ఆశ్రమం. స్వామి పూర్వాశ్రమంలో వైద్యుడు. కాషాయం కట్టాక గడియారం వదిలేశాడు, చెప్పులు వదిలేశాడు, స్టెతస్కోపు మాత్రం వదల్లేదు. జబ్బు మనుషులకు పది మంచాల గది ఒకటి, మందుల గది, వంటశాల, పొడుగాటి వసారా. జపం చేసుకుందామని వచ్చిన శిష్యులు ముందు దుప్పట్లు ఉతకడం నేర్చుకోవలసి వచ్చేది. కొందరు ఆ వారమే వెళ్ళిపోయేవారు.

దాలినాయుడు వెళ్ళలేదు. వాల్తేరులో గణాంకశాస్త్రం చదివి వచ్చినవాడు. ఆ ఏడు తొలకరికే చుట్టుపక్కల ఊళ్ళలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఏ ఊరికి ఆ ఊరిదే నీటి వసతి. నీళ్ళు కాచి తాగమని స్వామి నాలుగు ఊళ్ళూ తిరిగి చెప్పాడు. ఎక్కడ తగ్గుతోందో, ఎక్కడ పెరుగుతోందో వచ్చేపోయేవాళ్ళకు కనబడేలా వసారా గోడ మీద పటాలు వెయ్యమని దాలినాయుడికి పురమాయించాడు.

నెలకు ఒక పటం. పటంలో ఊరికి ఒక నిలువు పట్టీ. ఎంతమంది జబ్బుపడితే పట్టీ అంత ఎత్తు.

మా కాలేజీ రోజుల్లో రంగు పెన్సిళ్ళ డబ్బా ఉన్నవాడి గది చుట్టూ పరీక్షల ముందు అందరం తిరిగేవాళ్ళం. ఆ డబ్బాలో ఎరుపే ముందు అరిగిపోయేది. ఎందుకో చెప్పలేను, మనిషి చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. దాలినాయుడి చెయ్యీ అంతే. ప్రతి పటంలోనూ అన్నిటికన్నా ఎత్తయిన పట్టీని ముందు నిలబెట్టి ఎరుపు వేశాడు. దాని తర్వాతిదానికి పసుపు, ఆ తర్వాత ఆకుపచ్చ, చివరిదానికి నీలం. జ్యేష్ఠం, ఆషాఢం, శ్రావణం, భాద్రపదం: నాలుగూ పక్కపక్కన పెడితే ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. శ్రావణంలో బొడ్డవలసలో ఎవరికీ జబ్బు రాలేదు. ఆ పటంలో మూడే పట్టీలు, రంగులు మాత్రం అదే వరస. ఊళ్ళ పేర్లు అడుగున చిన్న అక్షరాలతో రాశాడు.

ఆ పొద్దున జీడివలస నుంచి పైడెమ్మ, ఆమె కూతురు వచ్చారు. కూతురి భుజం మీద మూడేళ్ళ పిల్ల తోటకూర కాడలా వేలాడుతోంది. స్వామి పిల్లను అందుకుని లోపలికి తీసుకుపోయాడు. పైడెమ్మ వసారాలో కూలబడింది.

దాలినాయుడు దగ్గరికి వెళ్ళి, "మీరు నీళ్ళు కాస్తున్నారుగా అమ్మా, మరి పాపకెలా వచ్చింది?" అన్నాడు.

"మానేసినాం బాబూ."

"ఎందుకు మానేశారు?"

"ఏటి సేస్తాం? మూడు నెల్లు అడివంతా తిరిగి పుల్లలేరి నీల్లు కాసినాం. మొన్నొచ్చి నీ బొమ్మలు సూసినాను. మా ఎర్రది ఎక్కడిదక్కడే ఉంది. ఊల్లోకెల్లి అదే సెప్పినాను. పుల్లలు దండగని అందరూ మానేసినారు."

"మీ ఎర్రదేమిటి?"

"తొలి పటం యేసిన్నాడు నువ్వే సెప్పినావు గదా, ఎర్రది మీ ఊరని."

చెప్పాడు. జ్యేష్ఠంలో అన్నిటికన్నా ఎత్తు జీడివలసే. ఆ తర్వాత వాళ్ళు శ్రద్ధగా నీళ్ళు కాచారు, ఊరు తేరుకుంది. భాద్రపదం పటంలో జీడివలస చిట్టచివర, జానెడు కూడా లేని నీలం పట్టీ. ఎర్రగా నిలబడింది నేరేడుపాడు.

"కింద పేరు రాసే ఉంది కదమ్మా!" అన్నాడు దాలినాయుడు, విసుగ్గా.

పైడెమ్మ ఆ అక్షరాల వంక ఒకసారి చూసి తల తిప్పుకుంది.

తలుపు దగ్గర స్వామి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. "ఉప్పు, పంచదార కలిపి నీళ్ళు తేవాలి" అని మాత్రం అని వంటశాల వైపు నడిచాడు.

దాలినాయుడు వెనకే వెళ్ళాడు. వంటవాడు సింహాద్రి అప్పటికే పొయ్యి దగ్గర ఉన్నాడు. స్వామి సింహాద్రిని చూసి, "దాలినాయుడూ, గంజి పల్చగా వడకట్టు" అన్నాడు. దాలినాయుడి వైపు తిరిగి, "సింహాద్రీ, నీళ్ళు కలుపు" అన్నాడు.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. పెద్దాయన రాత్రి నిద్రపోలేదేమో అనుకున్నారు. నవ్వే వేళ కాదు. ఎవరి పని వాళ్ళు చేశారు.

మంచాల గదిలో రోగుల్ని కనిపెట్టుకుని ఉండే రత్నాలమ్మ అనే ముసలావిడ పిల్ల పక్కన కూర్చుని ఉంది. స్వామి ఆమెతో, "దాలినాయుడూ, పాప తల కొంచెం ఎత్తు" అన్నాడు. రత్నాలమ్మ నోరు తెరిచింది. "రత్నాలూ, నువ్వు చెంచాతో నీళ్ళు పొయ్యి" అన్నాడు దాలినాయుడితో.

"సామికి మతి పోనాదేటమ్మా! నాకు మీసాలున్నాయేటి?" అంది రత్నాలమ్మ. పక్క మంచం మీది రోగి పక్కున నవ్వాడు.

దాలినాయుడి మొహం ఎర్రబడింది. చెంచాతో నీళ్ళు పోస్తూనే అడిగాడు. "ఏమిటి స్వామీ ఇది?"

"ఈ గదిలోకి ముందు వచ్చింది ఆమె."

"ముందు వస్తే?"

"ముందు వచ్చినవాళ్ళు దాలినాయుడు. ప్రతి గదిలోనూ అదే వరస. చూడడానికి బాగుంటుంది."

"ముందొచ్చినా వెనకొచ్చినా, ఏ గదిలోకి వెళ్ళినా నేను నేనే కదా స్వామీ!"

గొంతు పెరిగింది. పిల్ల ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. స్వామి పిల్ల మూతి తుడిచాడు.

"జీడివలస కూడా అంతే నాయనా" అన్నాడు.

చెంచా గిన్నెలో అలాగే ఉండిపోయింది. పిల్ల పెదాలు తడి కోసం కదిలితే దాలినాయుడి చెయ్యి మళ్ళీ కదిలింది.

పిల్ల నిద్రపోయాక దాలినాయుడు వసారాలోకి వచ్చి నాలుగు పటాలూ గోడ మీద నుంచి దింపాడు. కొత్త కాగితాలు పరిచాడు. పొడి రంగుల్లో జిగురు కలిపాడు. కుంచె ముంచబోయి ఆగి, లోపలికి వెళ్ళాడు.

"ఏ ఊరికి ఏ రంగు వెయ్యమంటారు స్వామీ?"

"పైడెమ్మకు ఏమని చెప్పావు?"

"ఎర్రది మీ ఊరని."

"చెప్పాక ఇంక అడగడానికేముంది?"

ఈసారి నాలుగు పటాలూ ఒక తల్లి పిల్లల్లా లేవు. శ్రావణంలో బొడ్డవలస చోటు బోడిగా ఉంది. ఆ చోటును అతను పూడ్చలేదు. అడుగున ఆ ఊరి ఆకుపచ్చతో సన్నటి గీత ఒకటి గీసి వదిలేశాడు.

రంగులు ఆరాక కాగితాలు చుట్టి చంకన పెట్టుకున్నాడు. కూతుర్ని పిల్ల దగ్గర ఉంచి పైడెమ్మ ముందు నడిచింది. పొద్దు వాలకముందే జీడివలస చేరారు. పైడెమ్మ ఇంటి గోడకు నాలుగు పటాలూ వరసగా అంటించాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు బిందెలు చంకనే పెట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఊట గుంట నుంచి అప్పుడే ముంచుకొచ్చిన నీళ్ళు.

దాలినాయుడు గోడ ముందు నుంచి పక్కకు తప్పుకున్నాడు.

పైడెమ్మ మొదటి పటంలో ఎర్ర పట్టీ నెత్తిన వేలు పెట్టింది. అక్కడి నుంచి రెండో పటంలో ఎర్రదాని మీదికి జరిపింది. వేలు దిగింది. మూడోదాంట్లో ఇంకా దిగింది. నాలుగోదాంట్లో ఎర్రదాన్ని అందుకోవడానికి ఆమె వంగవలసి వచ్చింది.

వంగి అలాగే కాసేపు ఉంది. తర్వాత నడుం పట్టుకుని లేచి, వెనక్కి చూడకుండానే కోడల్ని కేకేసింది.

"ఓలే సన్నమ్మా! పొయ్యెలిగించే!"

ఆడవాళ్ళు బిందెలతో ఎవరి ఇళ్ళకు వాళ్ళు కదిలారు. దాలినాయుడు పైడెమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, నీళ్ళు తెర్లేదాకా పుల్లలు ఎగదోస్తూ ఉన్నాడు.