పోలినాయుడి గాలి మిషను

చెప్పిన మాట చెప్పినట్టు చేసేవాళ్ళు మండలం మొత్తంలో తామేనని బొడ్డు పైడమ్మకి గొప్ప. అది నిజమే, కాదని ఎవరూ అనలేదు. వచ్చిన తంటా అంతా దానితోనే.

ఆవిడ మొగుడు పోలినాయుడు గురకపెడితే పైన పెంకులు కదిలేవి. మధ్యలో గురక ఠక్కున ఆగేది, ఊపిరీ ఆగేది. పగలేమో అన్నం ముద్ద నోటి దగ్గర ఉండగానే కునుకు. పైడమ్మ హడలిపోయి, తమ్ముడు అసిరయ్యని తోడు తీసుకుని మొగుణ్ణి పట్నం డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

"ఊపిరి ఆగినప్పుడల్లా గుండె మీద ఒత్తిడి పడుతుందమ్మా. ఇలాగే వదిలేస్తే గుండెజబ్బు పట్టుకుంటుంది," అన్నాడు డాక్టరు. "గాలి మిషను తెప్పిస్తాను, అది రోజూ ఆరు గంటలు నడవాలి. ఈలోగా గురక ఆగి చప్పుడు లేకపోతే తట్టి లేపండి."

వారానికి మిషను వచ్చింది. తట్టడం ఆపమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనమయ్యాక పోలినాయుడి ముక్కుకి తొడుగు తగిలించారు. ఇంకేముంది, గాలి లోపలికి పోయింది, గురక బయటికి పోయింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో అంత నిశ్శబ్దం పైడమ్మ ఎరగదు.

"ఒరే అసిరయ్యా, చప్పుడు లేదురా! మీ బావ గుండె!"

అంతే, అసిరయ్య బావ వీపు మీద తట్టాడు.

"ఏంట్రా?"

"ఏం లేదు బావా, పడుకో."

పడుకున్నాడు. చప్పుడు లేదు. మళ్ళీ తట్టాడు. సాయంత్రానికి పోలినాయుడి వీపు వాచింది.

నాలుగో రోజుకి మిషను చూస్తే చాలు, పోలినాయుడు పొలానికి పారిపోతున్నాడు. "మరి ఆరు గంటలూ ఎవరు నడుపుతార్రా?" అని పైడమ్మ గుండె బాదుకుంది. "నేను లేనా అక్కా?" అన్నాడు అసిరయ్య. తొడుగు పెట్టుకుని ఆరు గంటలూ హాయిగా నిద్రపోయాడు. అతను లేచాక, ఎందుకైనా మంచిదని పైడమ్మ ఇంకో ఆరు గంటలు పడుకుంది.

నెల తిరిగాక డాక్టరు మిషను చూసి ముచ్చటపడ్డాడు. "రోజుకి పన్నెండు గంటలా! గురక తగ్గిందా?"

"నాకెప్పుడూ లేదు సార్," అన్నాడు అసిరయ్య.

పోలినాయుడికి చూస్తే రక్తపోటు ఇంకా పెరిగింది. "ఇలాగైతే మనిషి దక్కడమ్మా," అన్నాడు డాక్టరు. పైడమ్మ తట్టిన సంగతంతా చెప్పి గొల్లుమంది. డాక్టరే పోలినాయుణ్ణి వరండాలో దగ్గుతున్న రోగుల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి, తొడుగు తగిలించి, "ఎవరూ తట్టకండి, పిలుస్తాను," అన్నాడు. పోలినాయుడు పద్నాలుగో నంబరు చీటీ చేత్తో పట్టుకునే చంటిబిడ్డలా నిద్రపోయాడు. గంట తరవాత కాంపౌండరు "పద్నాలుగో నంబరు!" అని కేకేస్తే తేటపడ్డ మొహంతో లేచాడు.

"చూశారా? ఇంట్లోనూ అచ్చం ఇలాగే పడుకోబెట్టండి. గుండెకి ఢోకా లేదు," అన్నాడు డాక్టరు.

ఇప్పుడు వాళ్ళింటికి వెళ్ళి చూడండి. అరుగు మీద వరసగా ఆరు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాంట్లో పోలినాయుడు, ముక్కుకి తొడుగు, చేతిలో చీటీ. తక్కిన వాటిల్లో దగ్గడానికి ఇరుగుపొరుగువాళ్ళు. ఎవరూ తట్టరు. పాపం, ఒక గంట కమ్మగా పడుకుంటాడు. గంట కాగానే అసిరయ్య గుమ్మంలోంచి "పద్నాలుగో నంబరు!" అని కేక పెడతాడు. పోలినాయుడు ఉలిక్కిపడి లేచి లోపలికి వెళ్తాడు.

"డాక్టరుగారు ఇంకా రాలేదు," అంటుంది పైడమ్మ. "వెళ్ళి కూకో మావా."